శాలువా కప్పిన కంప్యూటరు

దిల్షాద్‌బీ కుడిచేతిలో కనుబొమలు దిద్దుకునే చిన్న పట్టకారు, ఎడమచేతిలో సెల్‌ఫోను లైటు. సీపీయూ పక్కరేకు అప్పటికే ఊడదీసి గోడకు ఆనించింది. లోపల ఫ్యాను రెక్కలకు ఏదో చుట్టుకుని ఉంది. పట్టకారుతో మెల్లగా లాగి తెల్లకాగితం మీద పెట్టింది. బంతిపువ్వు రేక. మళ్లీ లాగింది. ఇంకో రేక. మూడోసారి జానెడు పొడుగు జరీపోగు వచ్చింది.

"సార్, దీన్ని ఇంట్లో యాడ పెట్టింటిరి?"

"హాల్లోనేమ్మా. కిటికీ పక్కన," అన్నాడు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న జీవరత్నం సారు.

"ఇంట్లో పెండ్లేమన్నా జరిగిందా?"

"లేదే."

"మరి ఈ పూలు?"

"గాలికి వచ్చింటాయిలే."

అబద్ధం అలవాటు లేని మనిషి. చెప్పిన వెంటనే జేబులోంచి విజిల్ తీసి పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాడు. జమ్మలమడుగు బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు సారుగా పనిచేసి రిటైరైనా ఆ విజిల్ మాత్రం ఆయన జేబు వదల్లేదు. పొద్దున్నే కంప్యూటరును దుప్పట్లో మూటకట్టి, ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికీ ఒక ఫుల్ టిక్కెట్టు తీసుకుని వచ్చాడు. కండక్టరు వద్దన్నా వినలేదట. సీటులో కూర్చున్నాక టిక్కెట్టు తీసుకోకపోతే ఎట్లా అన్నాడట.

దిల్షాద్‌బీ పక్కనున్న నోటుబుక్కులో "బంతిరేకలు రెండు, జరీపోగు ఒకటి" అని రాసుకుంది. తర్వాత డిస్కు ఊడదీసింది.

ఆమెకు నలభై ఆరేళ్లు. పదో తరగతి అయ్యాక బజారులో పెండ్లిపత్రికలు టైపు చేసే కొట్లో చేరింది. మిషను చెడినప్పుడల్లా మెకానిక్కు కడప నుంచి రావాలి. వచ్చేలోపు ముహూర్తాలు దాటిపోయేవి. ఒకసారి పత్రికలవాళ్లు వాకిట్లో కూర్చుని శాపనార్థాలు పెడుతుంటే తట్టుకోలేక తనే మూత తీసింది. ఏది ఎక్కడ ఉండిందో కాగితం మీద బొమ్మ గీసుకుని, ఒక్కొక్కటీ తీసి తుడిచి, బొమ్మ చూసుకుంటూ మళ్లీ పెట్టింది. మిషను నడిచింది. అప్పటినుంచి ఇదే పని. కొట్టు మూతపడ్డాక ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. బోర్డు లేదు. ఆమె పద్ధతులు రెండే. ముట్టుకునే ముందు రాసుకోవడం, అసలుదాన్ని పక్కనపెట్టి నకలు మీద పనిచేయడం. పని అయ్యేదాకా అవుతుందనీ చెప్పదు, కాదనీ చెప్పదు. దానికి కొందరు పొగరు అని పేరు పెట్టారు.

జీవరత్నం సారుది మామూలు రిపేరు కాదు. చుట్టుపక్కల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా టేపు పట్టుకునేది ఆయనే. పోస్టర్ల మీద "వృషభరాజముల బలప్రదర్శన" అని రాస్తారు గానీ ఆయనకు ఎద్దులంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కొలతంటే ప్రేమ. ఇరవై నిమిషాల్లో ఏ జత బండను ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు లాగిందో వంగి, మోకాలు నేలకానించి చూసి రాసుకుంటాడు. పంతొమ్మిదేళ్లుగా జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు వైపు జరిగిన ప్రతి పోటీ ఆయన కంప్యూటర్లో ఉంది. మొదట్లో నోటుబుక్కులుండేవి. అన్నీ ఎక్కించాక ఇల్లు ఇరుకైందని భార్య సంతోషమ్మ వాటిని బొరుగుల బండివాడికి ఇచ్చేసింది.

ఆ ప్రోగ్రామేమో శానా పాతది. దాని తెలుగు అక్షరాలు పాత విండోస్‌లో తప్ప కనబడవు. కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఎద్దుల పేర్లన్నీ పిచ్చిగీతలుగా కనబడతాయి. అందుకని తొమ్మిదేళ్ల కిందట దిల్షాద్‌బీయే ఒక ఉపాయం చేసిపెట్టింది. కొత్త కంప్యూటరు లోపల పాత కంప్యూటరు ఒకటి కాపురముండే ఏర్పాటు. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. దానికి తెర ఉంటుంది, డిస్కు ఉంటుంది, కానీ చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ లోపలి డిస్కు మొత్తం బయటి కంప్యూటరుకు ఒకే ఒక్క పెద్ద ఫైలు. ఇప్పుడు చెడింది ఆ ఫైలే. తెరవబోతే "ఇది డిస్కు కాదు" అంటోంది.

"బ్యాకప్ తీసుకోమని చెప్పింటి కదా సార్, నెలనెలా?"

"తీసుకున్నా తల్లీ!" సారు ముఖం వెలిగింది. చొక్కాజేబులోంచి దారం కట్టిన పెన్‌డ్రైవు తీశాడు. "ఒక్క నెల తప్పలేదు. చర్చి నుంచి రాగానే, నెలలో మొదటి ఆదివారం."

దిల్షాద్‌బీ పెన్‌డ్రైవు పెట్టి చూసింది. నూట ఆరు ఫోల్డర్లు. ప్రతిదాని మీదా తేదీ. ప్రతిదాంట్లో ఒకే ఒక్క ఫైలు. తెర మీద ప్రోగ్రాము తెరవడానికి నొక్కే చిన్న బొమ్మ ఉంటుందే, షార్ట్‌కట్, అది. తలుపు ఎక్కడుందో చెప్పే చీటీ మాత్రమే అది, ఇల్లు కాదు. సారు తొమ్మిదేళ్లపాటు, నెల తప్పకుండా, ఆ చీటీని నకలు తీసి భద్రపరిచాడు.

ఆమె మొదటి ఫోల్డరూ, చివరి ఫోల్డరూ మళ్లీ తెరిచి చూసింది.

"అన్నీ ఉండాయా?" అన్నాడు సారు.

"తేదీలు కరెక్టుగా ఉండాయి సార్," అంది. ఎట్లా తీయాలో చెప్పాను గానీ ఒక్కసారైనా పక్కన కూర్చుని చేయించలేదు కదా అనుకుంది. నోటుబుక్కులో అదీ రాసుకుంది, తన తప్పు కిందే.

"రేపు సాయంత్రానికి అయితాదామ్మా? అయిపోవాల. పులివెందుల దగ్గర ఆదివారం పోటీ. ఈసారి కొత్త బండ చెక్కించినారు. దాని మీద 'రికార్డు' అని తెల్ల పెయింటుతో రాసి, కింద పేరుకు చోటు వదిలిపెట్టినారు. పెయింటరు రేపు సాయంత్రం దాకే ఉంటాడు. రెండు జట్లు, మాదంటే మాదని కొట్టుకుంటాండారు. నా లిస్టు చూపిస్తేనే తేలేది. లేకుంటే..." సారు విజిల్ గుప్పిట్లో బిగించాడు. "లేకుంటే పాతదంతా కొట్టేసి ఈ ఆదివారం నుంచి కొత్తగా మొదలుపెడతారంట. కొలవడానికి లేజరు మిషను తెస్తారంట. నన్ను స్టేజి మీద కూర్చోమన్నారు."

ఆ చివరిమాట ఆయన ఉరిశిక్ష గురించి చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడే వీధిలో మినీలారీ ఆగిన చప్పుడు, దాని వెనకే గిట్టల చప్పుడు. దిల్షాద్‌బీ తలెత్తి చూసేసరికి వాకిలి నిండా ఒక ఎద్దు ముఖం ఉంది. ముసలి ఎద్దు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, కళ్లలో లోకం మీద ఏ ఆశా లేని ప్రశాంతత. దాని పక్కనుంచి ఒక తలపాగా లోపలికి దూరింది.

"అక్కా, నేను ఓబులేసును. పులివెందుల వైపు. ఇది మా గోపన్న. రికార్డు దీనిదే, దీని జతదే. జతది చచ్చిపాయె."

"ఎద్దునెందుకు తెచ్చినావప్పా?"

"కంప్యూటరు మర్చిపోయిండాదంట కదా. చూస్తే గుర్తొస్తాదని." ఆమె ముఖం చూసి ఓబులేసు గొంతు పెంచాడు. "ఏందక్కా అట్ల చూస్తావు? ఆధార్ ఆఫీసులో మనిషి ఎదురుగా నిలబడకుంటే పనయితాదా? కళ్లు చూపించల్ల, వేళ్లు పెట్టల్ల. ఎద్దు రాకుండా దీని పని మాత్రం ఎట్లయితాది?"

 ఎదురింటి అఖ్తర్ బీ బియ్యం కడిగిన నీళ్లు బకెట్లో తెచ్చి గోపన్న ముందు పెట్టింది. వచ్చినవాళ్లను ఊరికే నిలబెట్టకూడదు కదా.

గంట తిరక్కుండా రెండో జట్టు దిగింది. చాపాడు నాగేంద్ర. మోటారుసైకిలు మీద వచ్చాడు, ఎద్దు లేకుండా. చేతిలో గుడ్డసంచి.

"మామా, ఎద్దును తెచ్చి సాక్ష్యం చెప్పిస్తాండావా?" అన్నాడు ఓబులేసును చూసి. "అది నీ మాట యానాడన్నా వినిందా?"

"నీ ఎద్దులు నీ మాట విని ఎంత దూరం పోయినాయో నాకు తెలుసులేరా. తిక్క తిరిగి ప్రేక్షకుల్లోకి పోయినాయి. ఆ దూరం గూడా కలిపి చెప్పుకుంటాండావు."

"ఐదు వేల నలభై అడుగులు! ట్రాక్ మీదనే!"

"నాది ఐదు వేల నూరు!"

"నాకు రాతలో ఉండాది మామా," అని నాగేంద్ర సంచి బోర్లించాడు. బల్ల నిండా కాగితం పొట్లాలు. సారు నోటుబుక్కులు బొరుగుల బండికి పోయినాయని తెలిసి, ప్రొద్దుటూరు బజారులో ఆ బండి పట్టుకుని, కనబడిన పొట్లమల్లా కొన్నాడట. బొరుగులన్నీ తనూ, తన ఇద్దరు బామ్మర్దులూ తిన్నారట. చేతిరాత ఉన్న కాగితం చివరికి ఒక్కటి దొరికిందట. దాన్ని రెండు చేతులతో పట్టుకుని సారుకు అందించాడు.

సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "ఆవు సాధుజంతువు. దానికి నాలుగు కాళ్లు ఉండును."

"కింద చూడు సార్, కింద. అంకె ఉండాది."

"పదికి ఆరు మార్కులు," అన్నాడు సారు.

ఓబులేసు వాకిట్లోకి పోయి ఎద్దు మెడ పట్టుకుని నవ్వాడు. దిల్షాద్‌బీ పొట్లాలన్నీ ఒక అట్టపెట్టెలోకి తోసి, "ఇద్దరూ అరుగు మీద కూచోండి. మాటలు ఆడ. పని ఈడ," అంది.

కానీ కూర్చోబోతూ నాగేంద్ర బల్ల మీది తెల్లకాగితం చూశాడు. "అరె, ఇది మన శాలువా పోగే."

జీవరత్నం సారు కళ్లు మూసుకున్నాడు.

అట్లా బయటపడింది సంగతి. పోయిన ఆదివారం పోటీల కమిటీవాళ్లు, ఈ ఇద్దరితో సహా, పంతొమ్మిదేళ్ల సేవకు సారును సన్మానించడానికి జీపులో జమ్మలమడుగు వచ్చారు. సారుకు మొహమాటం. "నాదేముంది నాయనా, అంతా ఆ కంప్యూటరుదే," అన్నాడు. పెద్దమనిషి మాట కాదనకూడదు కదా. శాలువా తెచ్చి కంప్యూటరుకే కప్పారు. చుట్టూ రెండు మడతలు. పైన బంతిపూల దండ. ఆ సమయానికి లోపల పాత కంప్యూటరు నడుస్తూనే ఉంది. సారు వాళ్లకు లిస్టు చూపిద్దామని తెరిచిపెట్టాడు. తర్వాత ఉపన్యాసాలు.

"ఎంతసేపు మాట్లాడినారు?" అంది దిల్షాద్‌బీ.

"నేను ఐదు నిమిషాలే," అన్నాడు నాగేంద్ర. "మామ ముప్పావు గంట."

"ఎద్దుల చరిత్ర చెప్పల్లంటే అంత పడ్తాదిరా. శాలువా కప్పింది ఎవరు? నువ్వు! ఊపిరాడకుండా ముఖమంతా కప్పినావు!"

"శాలువాకేం మామా, నీ మాటలకే పాణం విసిగిపోయింది దానికి. మధ్యలో ఒకసారి బుస్సుమనింది, మీరెవరన్నా విన్నారా? నేను విన్నా. చప్పట్లు కొడుతుందేమో అనుకుంటి."

అది వేడెక్కి, ఫ్యాను తిరగలేక, రాస్తున్న పని సగంలో వదిలి తనంతట తనే ఆరిపోయింది. దిల్షాద్‌బీ నోటుబుక్కులో జరీపోగు అని రాసినచోట ఒక గీత గీసి "కారణం" అని రాసింది.

"శాలువా ఒక్కటే అయ్యింటే బతికేది," అని మాత్రం అంది, ఎవరివైపూ చూడకుండా.

సారు డిస్కును తన కంప్యూటరుకు తగిలించి, దాని మీద ఒక్క అక్షరం కూడా రాయడానికి వీల్లేకుండా తాళం వేసి, ఆ పెద్ద ఫైలును నకలు తీయడం మొదలుపెట్టింది. అయ్యాక నకలుకు ఇంకో నకలు. అసలు డిస్కును పాతగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు దోపుకుంది. మధ్యాహ్నం దాటింది. గోపన్న వీధిలో పడుకుంది. ఆటోలు దాన్ని చుట్టి పోతున్నాయి.

నకలును అక్షరం అక్షరంగా చూపించే కిటికీ తెరిచింది. తెర నిండా అంకెలు, మధ్యలో అక్కడక్కడా అక్షరాలు. ఫైలు మొదట్లో, ఇది ఏ రకం డిస్కు, ఎంత పెద్దది, ఏ ముక్క ఎక్కడుంది అని చెప్పే భాగం ఉండాలి. అక్కడ సున్నాలు. వరసగా, తీరిగ్గా, సున్నాలు. కిందికి జరుపుతూ పోయింది. సున్నాలు ఆగాయి. తర్వాత అంతా మామూలుగానే ఉంది.

 ఇల్లు కూలలేదు. గడప మాత్రమే కొట్టుకుపోయింది.

తొమ్మిదేళ్ల కిందట ఈ డిస్కు చేసేటప్పుడు, అవసరాన్ని బట్టి పెరిగే రకం కాకుండా మొత్తం చోటు మొదటిరోజే వరసగా కట్టేసే రకం తీసుకుంది. చోటు దండగ కదమ్మా అని సారు అప్పుడు సణిగాడు కూడా. ఇప్పుడు ఆ వరస కలిసొచ్చింది. ముక్కలు చెదరకుండా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అదే కొలతల కొత్త డిస్కు ఒకటి ఖాళీగా తయారుచేసి, దాని గడప కోసి తెచ్చి దీనికి అతికిస్తే చాలు.

ఇరవై జీబీ కొత్త డిస్కు చేసింది. గడప అతికించింది. తెరిచింది. తెరుచుకోలేదు.

అరుగు మీద నుంచి ఓబులేసు తల వంచి చూశాడు. "ఎద్దును రోంత లోపలికి తెమ్మంటావా అక్కా?"

"వద్దప్పా."

"ముఖం ఒక్కటే."

"వద్దు."

ఆమె లేచి అటక మీది ట్రంకుపెట్టె దింపింది. పాత నోటుబుక్కులు. తొమ్మిదేళ్ల కిందటిది వెతికి తీసి, సారు పేరున్న పేజీ పట్టుకుంది. తన చేతిరాతే: "20,000 ఎంబీ". ఇరవై జీబీ అంటే కంప్యూటరు లెక్కలో ఇరవై వేల నాలుగు వందల ఎనభై. అప్పుడు గుండ్రంగా ఉంటుందని ఇరవై వేలు కొట్టింది. గడప వెడల్పు తేడా వచ్చింది. కొత్తదాన్ని చెరిపేసి, ఇరవై వేలతో మళ్లీ చేసి, మళ్లీ కోసి, మళ్లీ అతికించింది.

ఈసారి తెరుచుకుంది. అయినా ఆ లోపలి కంప్యూటరును నడపలేదు. నడిపితే అది తనకు తోచినట్టు సర్దుకోవడం మొదలుపెడుతుంది. తన దగ్గరున్న ఇంకో ఆరోగ్యమైన పాత కంప్యూటరుకు దీన్ని రెండో డిస్కుగా తగిలించి, చదవడానికి మాత్రమే తెరిచింది. కొన్ని ఫోల్డర్లకు పేర్లు లేవు. ఒకటి తర్వాత ఒకటి చూసుకుంటూ పోయింది. ప్రోగ్రాము దొరికింది. ఎద్దుల పట్టిక దొరికింది. మర్నాడు పొద్దున పది గంటలకు దాన్ని తెరిచినప్పుడు జీవరత్నం సారు ఆమె వెనక నిలబడి ఉన్నాడు. రాత్రి ప్రొద్దుటూరులోనే తెలిసినవాళ్లింట్లో పడుకుని, పొద్దున్నే వచ్చి అరుగు ఊడ్చి కూర్చున్నాడు. ఓబులేసు, నాగేంద్ర కూడా వచ్చి అరుగు మీద చేరారు.

పట్టిక తెరుచుకుంది. పైన గళ్ల పేర్లు సక్రమంగా ఉన్నాయి. తేదీ, ఊరు, యజమాని, ఎద్దుల వయసు చెప్పే పళ్ల విభాగం, రౌండ్లు, మిగులు, మొత్తం. కింద ఖాళీ. ఒక మూల చిన్న అక్షరాలు: "మొత్తం వరసలు: 0".

సారు కుర్చీ వెతుక్కుంటున్నట్టు చేత్తో తడుముకున్నాడు. కూర్చున్నాక, "పంతొమ్మిదేళ్లు మోకాళ్ల మీద కొలిచినానమ్మా," అన్నాడు, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు.

"సార్, సున్నా అని చెప్తాండేది దాని తలకాయ. ఒళ్లు కాదు," అంది దిల్షాద్‌బీ. "ఖాళీ ఫైలు ఇంత బరువుండదు."

కాగితం తీసుకుంది. ఫైలు కొలతలోంచి పైన గళ్ల పేర్ల భాగం తీసేసింది. మిగిలినదాన్ని ఒక్కో వరస పొడవుతో భాగించింది. రెండు వేల మూడు వందల పదహారు వచ్చి, ఒకటి శేషం మిగిలింది. ఆ ఒకటి ఫైలు చివర పెట్టే ముగింపు గుర్తు. శేషం ఇంకెంత వచ్చినా ఆమె భయపడేది. ఒకటే వచ్చింది కాబట్టి ఒళ్లంతా ఉన్నట్టే. నకలులో సున్నా ఉన్న చోటును పట్టుకుని, దాని బదులు ఆ సంఖ్య రాసి, మళ్లీ తెరిచింది.

ఎద్దులు వచ్చాయి. తెర పైనుంచి కిందిదాకా, పేజీ తర్వాత పేజీ, అడుగులూ అంగుళాలతో సహా. సారు లేచి నిలబడి తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క ఊరి పేరూ తాకాడు. తెర మసకబారుతుంది సార్ అని ఆమె అనబోయి ఊరుకుంది.

అరుగు మీది ఇద్దరూ ఒక్క ఉదుటున లోపలికి వచ్చారు.

"గోపన్నది చూడు ముందు!"

చూసింది. గోపన్న జత, పద్నాలుగు రౌండ్లు, మిగులు రెండు వందల పన్నెండు అడుగుల ఏడు అంగుళాలు. మొత్తం నాలుగు వేల నాలుగు వందల పన్నెండు అడుగుల ఏడు అంగుళాలు. ఓబులేసు చెప్పుకుంటున్నదానికి దాదాపు ఏడు వందల అడుగులు తక్కువ. నాగేంద్ర ఆనందం పట్టలేక తొడ చరిచాడు. తర్వాత వాడిది చూసింది. నాలుగు వేల నాలుగు వందల తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు.

 వీధిలో గోపన్న మెడలో గంటలు ఒకసారి మోగాయి.

"ఆ పైనుండేది ఎవరు?" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా.

పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు సర్దితే అందరికంటే పైన ఒక వరస ఉంది. ఖాజీపేట సరోజమ్మ. పదిహేను రౌండ్లు, మిగులు ముప్పై ఒక్క అడుగు నాలుగు అంగుళాలు. ఎనిమిదేళ్ల కిందటిది.

"ఎవురీమె?"

సారు నుదురు రుద్దుకున్నాడు. "ఖాజీపేట పోటీ... వాన పడింది. ఆఖరి జత. అందరూ బండ్లెక్కి పోయినారు, మైకాయన గూడా పోయినాడు. ఆమె, ఎద్దులు, నేను. గొడుగు పట్టుకుని కొలిచినా. ఎంతని నాకు గుర్తులేదు నాయనా. గుర్తుండదనే కదా రాసేది."

ఓబులేసు, నాగేంద్ర ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు రోజుల్లో మొట్టమొదటిసారి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"అక్కా, ఇది సరిగ్గా బాగైనట్టు లేదు," అన్నాడు నాగేంద్ర.

"నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు ఓబులేసు. "మావోడు చెప్పింది నిజం. తలకాయలో నువ్వు అంకె మార్చినావు కదా, ఆడ ఏమన్నా చెడిపోయింటాది. అంకెలన్నీ రోంత తగ్గినాయి."

"ఒక్క ఆమెది మాత్రం పెరిగింది," అన్నాడు నాగేంద్ర.

"బావా బామ్మర్దుల్లా కలిసిపోతిరే," అంది వాకిట్లోంచి అఖ్తర్ బీ.

దిల్షాద్‌బీ రెండు కాగితాలు, రెండు పెన్సిళ్లు తీసి చెరొకరి చేతిలో పెట్టింది. "సారు ప్రతి వరసలో మూడు అంకెలు వేరే వేరేగా కొట్టినాడు. రౌండ్లు, మిగులు, మొత్తం. ట్రాక్ మూడు వందల అడుగులు. రౌండ్లను మూడు వందలతో గుణించి మిగులు కలుపు. మొత్తం రావల్ల. చెడిపోయింటే రాదు. ఓబులేసన్నా, నువ్వు నాగేంద్రది లెక్కెయ్యి. నాగేంద్రా, నువ్వు అన్నది."

ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదుటివాడి లెక్కలో తప్పు పట్టడానికి వాళ్లు పడ్డ శ్రమ, బళ్లో పడి ఉంటే ఇద్దరూ పెద్ద ఉద్యోగాల్లో ఉండేవాళ్లు. ఓబులేసు మూడుసార్లు గుణించాడు. నాగేంద్ర ఫోనులో కూడా వేసి చూశాడు. రెండూ అంగుళంతో సహా సరిపోయాయి. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ఇద్దరూ తలలు దగ్గర పెట్టి సరోజమ్మ వరస పట్టారు. పదిహేను మూడు వందలు నాలుగు వేల ఐదు వందలు. ముప్పై ఒకటీ నాలుగు అంగుళాలు.

"వచ్చిందా?" అన్నాడు సారు.

"వచ్చింది," అన్నాడు ఓబులేసు, పెన్సిలు కింద పెట్టి.

ఇంకా మిగిలిన పని దిల్షాద్‌బీ భోజనం మానేసి చేసింది. అన్ని వరసలకూ అదే లెక్క కంప్యూటరు చేత వేయించింది. తొమ్మిది వరసల్లో మాత్రం యజమాని పేర్లున్నాయి గానీ అడుగుల చోట చెత్త అక్షరాలు పడ్డాయి. ఎన్ని విధాలుగా చూసినా రాలేదు. వాటిని వేరే కాగితం మీద రాసింది. ఓబులేసు మెడ చాచాడు. "ఆ తొమ్మిదిలో మాది ఏమన్నా..."

"తొమ్మిదీ పాలపళ్ల దూడలవి," అందామె.

"ఇవి నేను గుర్తు తెచ్చుకుని నింపుతానమ్మా," అన్నాడు సారు. అంతలో తనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. కొలవంది రాయగూడదు."

కొత్త డిస్కు బిగించింది. ఫ్యాను తుడిచి తిప్పి చూసింది. లోపలి కంప్యూటరును మొదటినుంచి కొత్తగా పెట్టి, పట్టిక దాంట్లోకి ఎక్కించింది. తర్వాత సారును తన కుర్చీలో కూర్చోబెట్టి, మౌసు ఆయన చేతికిచ్చి, పెన్‌డ్రైవులోకి నకలు తీయమంది. ఆయన అలవాటు ప్రకారం చిన్న బొమ్మను పట్టుకున్నాడు. "అది కాదు సార్. దీని పక్కది. పెద్దది." రెండోసారి సరిగ్గా పట్టుకున్నాడు. అది ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఇంతసేపు పడితేనే నిజమైన నకలు అని చెప్పింది. మూడోసారి, నాలుగోసారి కూడా చేయించింది.

ప్రింటరు లిస్టు అచ్చువేసి ఆగేసరికి మూడున్నర. కాగితాల కట్టకు దారం వేసి కుట్టింది. రాని తొమ్మిది వరసల కాగితాన్ని కట్టకు అన్నిటికంటే పైన పెట్టింది, దాచినట్టు ఉండకూడదని. పాత డిస్కును బీరువాలోంచి తీసి, దాని మీద తేదీ రాసి, "దీన్ని తెరవద్దు, పారేయొద్దు" అని చెప్పి వేరే సంచిలో పెట్టింది. సీపీయూను దుప్పట్లో మూటకట్టారు. ఓబులేసు దాన్ని మినీలారీలో గోపన్న పక్కన పెట్టుకుని పులివెందుల దాకా తీసుకుపోతానన్నాడు. సారు ఒప్పుకోలేదు, దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటానన్నాడు. నాగేంద్ర అప్పటికే ఫోనులో పెయింటరుతో మాట్లాడుతున్నాడు. "సరోజమ్మ... ఖాజీపేట... అవునప్పా, ఆడమనిషే. పెద్దక్షరాలతో రాయి. నేను చెప్తాండా కదా, లెక్క నేనే వేసినా."

దిల్షాద్‌బీ కట్టను సారు చేతుల్లో పెట్టింది. ఆయన పై కాగితం చదివాడు, తొమ్మిది పేర్లూ, ఒక్కొక్కటిగా. తర్వాత విజిల్ జేబులో వేసుకుని, రెండు చేతులతో కట్టను గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు. ఆమె నోటుబుక్కులో తేదీ వేసి, "2,307 వచ్చాయి, 9 రాలేదు, సారుకు అప్పగించాను" అని రాసింది.